మెమే ఇచ్చిన నంబరు

లూయిస్టన్ ఊళ్లో ఒలివెట్ థిబోడోని ఆ పేరుతో పిలిచేది పోస్ట్‌మానూ, కలిసి చదువుకున్న ఒకరిద్దరూ మాత్రమే. మిగతా అందరికీ ఆమె మెమే, అంటే అక్కడి ఫ్రెంచివాళ్ల మాటలో అమ్మమ్మ. నిజానికి ఆమెకు పెళ్లే కాలేదు. చెప్పుల ఫ్యాక్టరీలో నాలుగేళ్లు పనిచేసి, మంచాన పడ్డ తల్లి కోసం మానేసింది. ఇంట్లోనే ఉంటున్నావు కదా అని పక్కింటావిడ ఒకరోజు పిల్లను వదిలి వెళ్లింది. ఆ ఒక్కరోజు పనే పంతొమ్మిదేళ్లు సాగింది. తల్లి పోయినా పిల్లలు వస్తూనే ఉన్నారు.

1990 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం గెయిల్ తన కూతురు రెనేని తీసుకెళ్లడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె ఆసుపత్రి లాండ్రీలో చేస్తుంది, భర్త నార్మన్ ఫ్యాక్టరీలో.

"మెమే, మీ సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలండీ. పిల్లని చూసుకున్నందుకు ఇచ్చే డబ్బు మీద పన్ను తగ్గిస్తారు కదా, ఈ ఏడు నుంచి చూసినవాళ్ల నంబరు కూడా రాయాలట."

రెనేకి తొడుగుతున్న బూటు మెమే చేతిలోంచి జారిపోయింది. ప్రభుత్వం ఇచ్చిన ఆ నంబరు రాస్తే తన రాబడి పన్నువాళ్లకు తెలిసిపోతుంది. తల్లిదండ్రులిచ్చే నోట్లను ఆమె ఏనాడూ ఏ పన్ను కాగితం మీదా చూపించలేదు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"నంబర్లూ గింబర్లూ నాకు తెలీవు. పిల్లకి కోటు తొడుగు, చలేస్తోంది" అని తలుపేసేసింది.

వారం గడిచినా గెయిల్ మళ్లీ ఆ ఊసెత్తలేదు. మెమేకే ఉండబట్టలేదు. "మరి మీ కాగితం ఏంచేశారు?" అని తనే అడిగింది.

"ఆ తగ్గింపు వదిలేసుకుంటున్నామండీ. మీరివ్వలేదని రాస్తే చాలట, అదీ కుదురుతుందట. నేను రాసేద్దామన్నాను. నార్మన్ ఒప్పుకోలేదు. అలా రాస్తే పన్నువాళ్లు నేరుగా మెమే గుమ్మంలోకొస్తారు, నా చేత్తో ఆ పని చెయ్యను అన్నాడు. మొగుడూపెళ్లాం కలిసి సంతకం పెట్టాల్సిన కాగితం కదా, ఆయన పెట్టనంటే నేనేం చేస్తాను?"

"ఎంతొచ్చేదే?"

"అయిదొందల చిల్లర. ఫర్నేస్ బాగు చేయించుకుందామనుకున్నాం. పోనీలెండి."

ఆ ఇంట్లో గదులు వెచ్చబెట్టే ఫర్నేస్ పాడైందని, రెనే రెండు స్వెటర్లు వేసుకుని వస్తోందని మెమేకు తెలుసు. తన భయానికి ఆ పిల్ల చలిలో పడుకుంటోందన్న మాట మాత్రం అప్పుడే తోచింది.

శనివారం లైబ్రరీకి వెళ్లింది. అక్కడ ఉచితంగా పన్ను కాగితాలు నింపిపెట్టే ఎమిల్ క్లూటియే ఆమెతో కలిసి చదువుకున్నవాడే.

"పంతొమ్మిదేళ్లా! అన్ని డైపర్లు మార్చావు, ఒక్క కాగితం నింపలేకపోయావా ఒలివెట్?"

"డైపర్లు జరిమానా వెయ్యవు కదయ్యా!"

ఎమిల్ నవ్వి కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. నిరుటి రాబడీ, ఆ ముందు రెండేళ్లదీ చూపిస్తే మంచిదన్నాడు. తగిలిన పన్నూ జరిమానా వాయిదాల మీద కట్టుకోమన్నాడు. ఆ మొత్తాన్ని ఆమె రెండుసార్లు చదువుకుంది. అయినా సంతకం పెట్టింది.

అక్కణ్ణుంచి తిన్నగా నార్మన్ ఇంటికెళ్లి నంబరు రాసిన చీటీ అతని చేతిలో పెట్టింది.

"మీకు దీనివల్ల ఇబ్బంది కాదా మెమే?" అన్నాడతను.

"అయ్యేదేదో అయ్యిందిలే. నువ్వు పెళ్లాం పక్కన కూర్చుని సంతకం పెట్టు, ముందు ఆ ఇల్లు వెచ్చబెట్టు!"

పిల్లల్ని తన దగ్గర వదిలే మిగతా ఆరు కుటుంబాలకూ తనే పిలిచి నంబరిచ్చింది. పన్ను కట్టాలి కాబట్టి వారానికి అయిదు డాలర్లు పెంచుతానని కూడా చెప్పింది. ఒకావిడ ఆశపోతువని మొహం మీదే అనేసి బిడ్డను మాన్పించింది. ఆ రోజు మెమే వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఏటా వెళ్లే సెయింట్ ఆన్ చర్చి యాత్ర రెండేళ్లు మానుకుని వాయిదాలు తీర్చింది.

ఎమిల్ ముందే చెప్పినా ఆమె నమ్మని సంగతొకటుంది. పన్ను కట్టిన ప్రతి ఏడూ ఆమె పింఛను లెక్కలోకి వస్తుంది. ఫ్యాక్టరీ నాలుగేళ్లకు ఎమిల్ చూపించమన్న మూడూ, ఆ తర్వాతి మూడూ కలిసి, పింఛనుకు కావాల్సిన పదేళ్లూ ఆమెకు అరవై రెండు నిండేసరికి సరిగ్గా సరిపోయాయి. పింఛను మంజూరైందని ఉత్తరం వచ్చిన రోజు ఆమె దాన్ని పిల్లలందరికీ చూపించింది. వాళ్లకేం అర్థమవుతుంది! కేక్ ఉందా లేదా అని అడిగారు. ఉందని చెప్పి, పిండి కలపడానికి లోపలికెళ్లింది.