చల్లని పెట్టె

బహ్రెయిన్‌లో, సిత్రా లేబర్ క్యాంపులో మా గదికంతటికీ ఆయనే పెద్ద. అందరం అన్న అనే పిలిచేవాళ్ళం. ఏ వస్తువు కొనాలన్నా ముందు దాని మీద అరచెయ్యి ఆనించేవాడు, పసిపిల్లకు జ్వరం చూసినట్టు.

గదిలో అందరికీ ఇళ్ళ నుంచి వచ్చిన సీడీలు ఇసుకదుమ్ముకు గీతలు పడిపోతుంటే, వాటిలోని వీడియోలన్నీ ఒక్కచోట దాచే కంప్యూటర్ పెట్టాలని అన్నకే తోచింది. అది రాత్రీపగలూ నడవాలి, ఎవరి ల్యాప్‌టాప్‌లోనైనా కనబడాలి. కానీ గదికి ఉన్నది ఒకటే ఫ్యూజు. ఏసీ నడుస్తుండగా ఇస్త్రీపెట్టె పెడితేనే ఎగిరిపోయేది. అందుకని నన్ను వెంటబెట్టుకుని మనామా నగరంలో ఒక దుకాణానికి వెళ్ళి, నడుస్తున్న కంప్యూటర్లన్నిటినీ తడిమి చూసి, ఫ్యాన్ కూడా లేని చిన్న పెట్టెను ఎంచుకున్నాడు.

"గిది సల్లగున్నది తమ్మీ. కరెంటు ఎక్కువ తినది," అన్నాడు నాతో.

అక్కడి ఏసీకి మేమిద్దరం వణుకుతున్నాం. చల్లగా ఉన్నది దుకాణమని ఇద్దరికీ తట్టలేదు.

మేం డ్యూటీకి పోగానే క్యాంపు ఇన్‌ఛార్జి గదుల్లో ఏసీలు ఆపించేవాడు. ఎండలు ముదిరాక ఒక సాయంత్రం వచ్చి చూస్తే, మీట ఎంత నొక్కినా పెట్టె పలకలేదు. అన్న దాని మీద చెయ్యి పెట్టాడు. తర్వాత గోడ మీద, మంచం ఇనుము మీద పెట్టాడు. అన్నీ ఒకేలా కాలుతున్నాయి.

"అన్నా, మా బిడ్డ పుట్టెంటికల వీడియో దాంట్లనే ఉన్నది," అన్నాడు పై మంచం అతను. వీడియోలు పెట్టెలోకి ఎక్కించాక గీతలు పడ్డ సీడీలు ఎప్పుడో పారేశాం.

"సల్లబడనీ. సల్లబడితే ఒస్తది."

ఏసీ వేశాం. గోడ చల్లబడింది, మంచం చల్లబడింది, పెట్టె కూడా చల్లబడింది. మీట నొక్కితే మాత్రం వెలగలేదు. అన్న దాని మీంచి చెయ్యి తీయలేదు.