అన్న ఫోనులో నేను మార్చిన సెట్టింగులు

అన్న చూపు తగ్గిందని మా దుకాణంలో అందరూ అనుకున్నారు. అన్న కూడా అదే నమ్మి పని మానేశాడు. అసలు కారణం అది కాదని నాకు మొదటి రోజు నుంచే తెలుసు. చెప్పలేదు.

ఆబిడ్స్‌లో ఒక పాత భవనం కింది అంతస్తులో కళ్లద్దాల దుకాణం మాది. వెనక చీకటి గదిలో కళ్లు పరీక్షించేది అన్న. పక్కన నిలబడి అద్దాలు మార్చేది నేను. సొంత అన్న కాదు, నాకు పని నేర్పినవాడు. ఆయనకు కొంచెం చెవుడు. దుకాణానికి వచ్చే గిరాకీల ముందు ఆ సంగతి బయటపడనిచ్చేవాడు కాదు. ఫోను మోగితే వినపడదు కాబట్టి, కాల్ వచ్చినప్పుడు కెమెరా పక్కన లైటు కొట్టుకునేలా నేనే పెట్టి ఇచ్చాను. ఆ మందపాటి గోడల మధ్య సిగ్నల్ అందదు కనుక దుకాణం వై-ఫై మీద కాల్స్ వచ్చే ఏర్పాటు కూడా నేనే చేశాను. ఫోనులో ఏది కావాలన్నా “తమ్మీ, జర చూడు” అని నా చేతిలో పెట్టేవాడు.

చీకట్లో ఆ లైటు పెద్ద చికాకు. మెసేజ్ వచ్చినా వెలిగేది. ఆయన భార్యను వదిన అనేవాణ్ణి. ఆమె వైపు బంధువుల వాట్సాప్ గ్రూపులో తెల్లారింది మొదలు శుభోదయాలే.

“ఇది అద్దాల షాపా, బారాత్ బండా అన్నా?” అన్నానొకసారి.

“నీ పెండ్లి బారాతే లేకపాయె. గిట్లనన్న జూడు” అన్నాడు.

ఒక మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. లైటు కొట్టుకున్నప్పుడల్లా “ఫొటో తీస్తున్రా బాబూ?” అంటూ కొంగు సర్దుకుని అటు తిరిగేది. పరీక్ష మళ్లీ మొదటికొచ్చేది. బయట జనం గొణుగుతున్నారు. అన్న ఆమెకు నచ్చజెబుతుండగా నేను ఫోను తీసి లైటు ఆపాను. మెసేజ్ పడ్డప్పుడల్లా స్క్రీను మాత్రం వెలుగుతూనే ఉంది. వై-ఫై కూడా ఆపేశాను. కాల్స్ రావని తెలుసు. ఈ ఒక్క పరీక్ష అయ్యేదాకే కదా అనుకున్నాను. తర్వాత రద్దీలో మరిచిపోయాను.

ఆ రోజు వదిన పుట్టింటి నుంచి రైల్లో వస్తోంది. నాంపల్లిలో దిగి ఫోను చేస్తే అన్న వెళ్లి సామాను మోయాలి. నాకా సంగతి తెలియదు.

సాయంత్రం టీ తాగుదామని దుకాణం ముందుకు వచ్చాక ఫోనుకు సిగ్నల్ దొరికింది. వదిన చేసిన మిస్డ్ కాల్ మెసేజ్‌లు వరసగా పడ్డాయి. అన్న ముఖం పాలిపోయింది. “ఏంది తమ్మీ ఇది? జర చూడు.” నేను చూస్తున్నట్టే చూసి, లైటూ వై-ఫై రెండూ మళ్లీ పెట్టేశాను.

“ఫోను బాగనే ఉందన్నా” అన్నాను.

వదిన ఎంతసేపు చేసినా ఎత్తకపోయేసరికి సంచులన్నీ తానే మోసుకుంటూ స్టేషన్ మెట్లు దిగింది. జారిపడి మణికట్టు విరిగింది. ఎవరో ఆటోలో దవాఖానకు చేర్చారు. కట్టు కట్టించుకుని అన్న ముఖం చూడకుండా అన్నదట, “కావాల్ననే ఎత్తలేదనుకున్న. లైటు కనవడక ఎత్తలేదంటవా?”

మర్నాడు అన్న చీకటి గదిలోకి రాలేదు. “చెవులెట్లాగూ లేవు. కండ్ల ముంగట కొట్టుకునే లైటు గూడ కనవడకపాయె. ఇగ ఒకరి కండ్లు నేనేం జూస్త?” అన్నాడు. యజమాని ఎంత చెప్పినా వినలేదు. ఆ కుర్చీ నాకు వచ్చింది. వద్దనలేదు.

ఈ మధ్య వదిన ఆయన్ని పట్టుకొచ్చింది. “వద్దంటే ఇనకు తమ్మీ, కండ్లు జూడు” అంది. మామూలుగా పరీక్షించాను. వయసుకు తగ్గట్టు దగ్గరి చూపుకు అద్దాలు కావాలి, అంతే. దూరం చూపు నాకంటే నయం. ఆ మాటే చెప్పాను.

అన్న జేబులోంచి ఫోను తీసి చూశాడు. “గంత బాగుంటే ఆనాడు లైటెందుకు కనవడలే?” అన్నాడు. అడిగింది నన్ను కాదు, తనను తానే.

వదిన నావైపు చూస్తోంది. నేను లేచి నిలబడ్డాను.

“లైటు రానేలేదన్నా. నేనే బంద్ చేసిన. వై-ఫై గూడ. నువ్వు చూడుమంటే మళ్లీ పెట్టి, బాగనే ఉందని అబద్ధమాడిన. నీ కండ్లకు ఏం కాలే. వదినా, నీ చెయ్యి విరిగింది నావల్ల. ఇన్ని దినాలు నోరు మూసుకొని ఆయన కుర్చీల కూసున్న. మాఫ్ చెయ్యున్రి.”