ప్రతి గూడెంలోనూ ఆగిన జంగు దాదా

మొన్న మంచిర్యాల అంగట్లో ఎండిన ఇప్పపువ్వు వాసన ముక్కుకు తగలగానే జంగు దాదా మీద పాత విసుగంతా మళ్ళీ తన్నుకొచ్చింది. ఆయన పోయి ఏళ్ళయినా అది చల్లారలేదు.

డెబ్బై ఎనిమిది వేసవిలో మేం నలుగురు కాలేజీ మిత్రులం ఊట్నూరు గుట్టల్లో నాలుగు రోజుల నడకకు బయలుదేరాం. దారి చూపడానికి ఆ గుట్టల్లోనే పుట్టి పెరిగిన పెద్దాయన జంగు దాదా వచ్చాడు. అయిదో రోజు పొద్దున నాకు ఉద్యోగం ఇంటర్వ్యూ. అది దొరికితే మా బాపు బొగ్గుబాయి దిగడం మానేయొచ్చు. బాపు వద్దంటున్నా నడకకు వెళ్ళాను.

దారిలో ఏ గూడెం తగిలినా దాదా కాళ్ళు ఆగిపోయేవి. తీరిగ్గా కూర్చుని, వాళ్ళిచ్చిన ఇప్పపువ్వు జావ తాగి, ఎంతమందిమి, పైగూడేనికి ఎప్పుడు చేరతాం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. మోకాళ్ళు పట్టేసి, మడమలు బొబ్బలెక్కి మేం ఏడుస్తుంటే ఈయనకు ముచ్చట్లు! రెండు రోజులు పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను. మూడో రోజు అడిగేశాను.

“దారి నీకెరుకే గదా దాదా, గీ ముచ్చట్లెందుకు?”

“నాకెరుకే. మనం వస్తున్నమని వాళ్ళకెరుక కావాలె గదా,” అన్నాడు బీడీ ముట్టించుకుంటూ.

ఒళ్ళు మండింది. ఆయన మళ్ళీ ఓ గూడెంలో కూర్చోగానే ఎవరికీ చెప్పకుండా ఒక్కడినే ముందుకు నడిచాను. గుట్ట నెత్తికెక్కితే చల్లటి గాలి, కింద కనుచూపు మేరా అడవి. అంత అందం మళ్ళీ చూడలేదు. ఆ సంబరంలో అడ్డదారిన దిగుతూ రాళ్ళ మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను. అరిచి అరిచి గొంతు పోయింది. చుక్క నీరు లేదు. చచ్చిపోతానని నిజంగానే భయపడ్డాను.

పొద్దు వాలుతుండగా సొరకాయ బుర్రలో నీళ్ళతో ఇద్దరు వచ్చారు. పైగూడెం వాళ్ళు. మధ్యాహ్నానికి అయిదుగురు వస్తారని కింది గూడెం నుంచి ముందే కబురందిందట. ఎంతకీ ఎవరూ రాకపోయేసరికి వెతుకుతూ దిగారట. నా కోసం మరోవైపు గాలిస్తున్న దాదా కాసేపటికి చేరుకున్నాడు. తిడతాడనుకున్నాను. వెదురు బద్దలు పెట్టి కాలికి కట్టు కట్టాడు.

“అయిదుగురం వస్తున్నమని చెప్పిన బిడ్డా. నలుగురమే పోతే ఎట్ల?”

నన్ను మంచం మీద మోసుకుని కిందికి దించేసరికి అయిదో రోజు మధ్యాహ్నం దాటింది. బాపు ఇంకో నాలుగేళ్ళు బాయి దిగాడు.

ఇప్పుడు ఊరు దాటాలంటే పక్కింటికీ ఎదురింటికీ ఎక్కడికెళ్తున్నానో, ఎప్పుడొస్తానో చెప్పిగాని కదలను. బయట ఆటో ఆపుకుని మా ఆవిడ విసుక్కుంటుంది. ఆమె విసుగులో తప్పేం లేదు. మనం వస్తామని ఎవరికీ తెలియదనుకుంటూ ఒంటరిగా పడి ఉండడమంటే ఏమిటో ఆమెకు తెలియదు. తెలియకూడదు కూడా.