శుభలేఖ వెనకవైపు దారి

పెళ్లయి శంషాబాద్ వచ్చిన కొత్తలో నేను ఒక ప్రింటింగ్ ప్రెస్సులో శుభలేఖలు కంపోజ్ చేసేదాన్ని. చదివింది ఎమ్సీయే. కానీ మావారికి విమానాశ్రయంలో ఉద్యోగం, సాఫ్ట్‌వేర్ ఆఫీసులన్నీ నగరానికి అటు చివర. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. అందుకని ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్న ప్రెస్సులో చేరాను. యజమాని అరవై దాటిన ముస్లిం పెద్దాయన. ఊరంతా ఆయన్ని చాచా అనేవారు. తెనాలి నుంచి వచ్చిన నేనూ వారం తిరక్కుండానే చాచా అనడం మొదలుపెట్టాను.

ఆ ప్రెస్సుకి పేరు తెచ్చింది శుభలేఖ వెనకవైపు వేసే దారి పటం. ఫంక్షన్ హాలుకి ఎలా రావాలో చాచా నల్ల పెన్నుతో చేత్తో గీసేవారు. పోచమ్మ గుడి, పంక్చర్ దుకాణం, ఎండిపోయిన బావి, అన్నీ అందులో ఉండేవి. నేను దాన్ని స్కాన్ చేసి కార్డులో పెట్టేదాన్ని.

విమానాశ్రయం తెరిచాక, ఔటర్ రింగ్ రోడ్డు పనులు జరుగుతున్న రోజుల్లో, మా చుట్టుపక్కల దారులకి నిలకడ లేకుండా పోయింది. ఈ నెల ఉన్న మలుపుకి వచ్చే నెల గోడ అడ్డం వచ్చేది. ఒకసారి మహేశ్వరం నుంచి ఒకాయన అయిదు వందల కార్డులు సంచీలో తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"చాచా, నువ్వు గీసిన తొవ్వ మూసేసిన్రు. మా సుట్టాలు ఎట్ల రావాలె?"

ఆ మధ్యాహ్నమంతా నేనూ చాచా అయిదు వందల కార్డుల మీద పెన్నుతో కొత్త మలుపు గీశాం. రెండు వందలు దాటేసరికి నా గీతలు వంకర పోయాయి.

"ఒకసారి అచ్చయినంక ఏం చేస్తం బేటీ" అన్నారు చాచా, వేళ్లు విరుచుకుంటూ.

ఆ మాట నన్ను వదల్లేదు. దారి అచ్చులో కాకుండా ఇంకెక్కడైనా ఉంటే? ప్రెస్సులో ఇంటర్నెట్ ఉంది. పని లేని గంటల్లో వెతకడం మొదలుపెట్టాను. ఆన్‌లైన్ మ్యాపు ఒకటి, తన పటాన్ని ఎవరైనా తమ పేజీలో పెట్టుకోవచ్చంటోంది. ఇంకొక చోట ఉచితంగా పట్టికలు రాసుకునే వీలుంది, ఆ పట్టికని వేరే పేజీ చదవగలదు. మూడో చోట ఎస్సెమ్మెస్ సర్వీసు: ఎవరైనా ఒక మాట పంపితే, ఏం జవాబివ్వాలో మన పేజీని అడిగి, అది చెప్పింది తిరిగి పంపుతుంది. మూడూ వేర్వేరు కంపెనీలవి. ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు. వాటిని కలిపే నాలుగు వరసలు నేను రాస్తే చాలు! చదువుతుంటే ఒళ్లు ఝల్లుమంది. కాలేజీలో మూడేళ్లు రాసిన ప్రోగ్రాములన్నీ పరీక్షతోనే అయిపోయాయి. ఇది మాత్రం బయట రోడ్డు మీద తిరిగే మనుషులకి పనికొస్తుంది.

పది రోజులకి మొదటి పేజీ తయారైంది. పట్టికలో మామిడిపల్లి దగ్గరి ఫంక్షన్ హాలు పేరు, అది ఉన్న చోటు అంకెలు రాసి, చాచాని పిలిచి బటన్ నొక్కాను. మ్యాపంతా తెల్లగా వచ్చింది. మధ్యలో మా ఎర్ర గుర్తు. వెనక్కి జరిపి చూస్తే, ఉత్తర ధ్రువానికి దగ్గర, మంచు దీవుల్లో ఉంది మా ఫంక్షన్ హాలు.

"ఏందిది? పెండ్లికొచ్చేటోళ్లు కంబళ్లు తెచ్చుకోవాల్నా?" అన్నారు చాచా.

అక్షాంశం రాయాల్సిన చోట రేఖాంశం రాశాను. రెండంకెలూ తారుమారు చేసి మళ్లీ నొక్కితే గుర్తు వచ్చి సరిగ్గా హాలు గేటు దగ్గర వాలింది. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. చాచా కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశారు.

"రోడ్డయితే ఉంది. బావి ఏది? గుడి ఏది? మనోళ్లు వాటిని చూసే మలుగుతరు బేటీ."

నిజమే, ఆ మ్యాపుకి మా ఊరి గుర్తులు తెలియవు. అప్పటినుంచి ఆ పని చాచాది. ఆయన స్కూటరు మీద తిరిగి చూసి వచ్చి చెప్పేవారు, నేను పట్టికలో ఎక్కించేదాన్ని. అప్పటి ఫోన్లలో చాలావాటికి తెలుగు అక్షరాలు గళ్లుగా వచ్చేవి, అందుకని ఎస్సెమ్మెస్సులో తెలుగునే ఇంగ్లిషు అక్షరాల్లో రాశాం. మొత్తం నూట అరవై అక్షరాలు దాటకూడదు. దారిని అంతలోకి కుదించడంలో చాచా ఆరితేరిపోయారు.

ఇక కావలసింది ఒక పెళ్లి. ఆ మహేశ్వరం ఆయనే, మామిడిపల్లి హాల్లో జరిగే రెండో కూతురి పెళ్లికి కార్డులు వేయించడానికి వచ్చాడు. వెనకవైపు పటం ఉండదని, ఒక నంబరు మాత్రమే ఉంటుందని చెప్పాను.

"ఈ నంబరుకి 'పెళ్లి' అని, పక్కన కార్డు మీది అంకె వేసి పంపితే చాలండి. ఆ రోజుకి ఏ దారి ఉంటే అదే వస్తుంది."

"మిషిన్ జెప్పే తొవ్వనా?"

"మిషిన్ కాదన్నా, నేనే చెప్తున్న. అది నా మాటనే మోసుకపోతది" అన్నారు చాచా. ఆయన ఒప్పుకున్నాడు.

ముహూర్తం ఉదయం పదకొండుకి. ఏడింటికే చాచా ఫోను.

"బేటీ, బావి కాడ రోడ్డు తవ్వుతున్నరు. పైపులేస్తరంట. ఇగ గుడి పక్కకెల్లి తిప్పాలె. జల్దీ మార్చు!"

ప్రెస్సుకి పరుగెత్తాను. తాళం తీసి కంప్యూటరు పెట్టాను. పట్టికలో ఒక్క వరస మార్చాను. చాచా అక్కణ్నుంచే ఎస్సెమ్మెస్ పంపి చూసి, మళ్లీ ఫోను చేశారు.

"వచ్చింది. గని 'గుడి దాటి' అని ఆగిపోయింది. ఎడమకా, కుడికా?"

లెక్కపెట్టాను. నూట అరవై ఆరు అక్షరాలు. తెగిపోయింది 'ఎడమ' అన్న ఆ ఒక్క మాటే.

"పైన 'దయచేసి' తీసెయ్ బేటీ. దయ లేకున్నా తొవ్వ దొరుకుతది."

తీసేశాను. అయిదు నిమిషాలకి చాచా గొంతు ఫోనులోంచి బయటికి దూకింది. "వచ్చింది! మొత్తం వచ్చింది!"

పదింటికి నేనూ హాలుకి వెళ్లాను. గేటు దగ్గర చాచా నిలబడి ఉన్నారు. ఒక్కొక్క కారే గుడి వైపు నుంచి వస్తోంది. పెళ్లికొడుకు బస్సు మాత్రం ఇంకా లేదు. పెళ్లికూతురి తండ్రి మొహం తెల్లబోయింది. ఇంతలో మలుపులో దుమ్ము లేచింది, దుమ్ములోంచి పూలదండలతో బస్సు. డ్రైవరు దిగుతూనే ఫోను ఎత్తి చూపించాడు.

"పాత తొవ్వల పొయ్యి తవ్విన కాడ ఆగినమన్నా. మెసేజ్ కొడితే చెప్పింది, ఎడమకు మలుగుమని!"

తండ్రి చాచాని గట్టిగా కావలించుకున్నాడు. నా వైపు తిరిగి, "భోజనం చేసి పోవాలె తల్లీ" అన్నాడు. ఆ రోజు విస్తరి ముందు కూర్చున్నానే గానీ, ఏం తిన్నానో ఇవాళ గుర్తు లేదు. చుట్టూ ఎవరు ఫోను తీసినా అటే చూశాను.

ఆ ఏడాది పెళ్లిళ్ల కాలమంతా మా పట్టిక పొడుగు పెరుగుతూ పోయింది. హిమాయత్ సాగర్ వైపు హాళ్లవాళ్లు కూడా వచ్చి చేర్పించుకున్నారు. ఒకసారి మ్యాపు కంపెనీ నిబంధనలు మార్చేసరికి పేజీ ఖాళీ అయిపోయింది. రెండు రోజులు కూర్చుని మళ్లీ కట్టాను, ఈసారి ఇంకా బాగా. మూడేళ్లకి ఫోన్లలోనే మ్యాపులు వచ్చి మా నంబరు అవసరం తీరింది. నాకు మాత్రం ఆ పేజీ చూపించడంతోనే ఇంటి నుంచి చేసుకునే ప్రోగ్రామింగ్ పని దొరికింది.

వాటన్నిటికంటే నాకు ఇష్టమైన రోజు ఇంకొకటి ఉంది. జ్వరంతో ఇంట్లో పడుకుని, ఊరికే ల్యాప్‌టాప్‌లో మా పేజీ తెరిచాను. ఒక హాలు పక్కన దారి మారి ఉంది. నేను మార్చలేదు. ఇంకోసారి తెరిస్తే, కింద ఒక కొత్త మాట చేరింది: 'మర్రెలు జాగ్రత్త'. బర్రెలు అనబోయి తప్పు పడింది. ప్రెస్సులో చాచా ఒక్కరే, ఒక వేలితో, నన్ను అడక్కుండా పట్టిక దిద్దుతున్నారు. నేను మంచం మీద లేచి కూర్చున్నాను. మళ్లీ తెరిచేసరికి ఆ తప్పక్షరం పోయి, బర్రెలు సరిగ్గా వచ్చాయి.