మేడమ్ పెంచిన బూజులు

మా బోటనీ మేడమ్ పోయారన్న కబురు ఆవిడ ఇంటి ఓనరమ్మ ఫోన్లో చెప్పింది. "తెల్లారగట్ల ఆస్పత్రిలోనే పోయేరమ్మా. ఫ్రిజ్జు నిండా ఆ బూజు గొట్టాలే ఉన్నాయి. ఏటి సెయ్యమంటారు?" ఏడుపు రావలసిన చోట నాకు భయం వేసింది. ఎందుకో చెబుతాను.

బరంపురం కాలేజీలో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లం చాలామందిమి. చివరిదాకా వచ్చిపోతూ మిగిలింది, దగ్గర్లోని రంభ అనే ఊళ్లో బడి పంతులమ్మనైన నేనొక్కదాన్నే. గేట్ బజార్ వెనక రెండు గదుల్లో మేడమ్ ఒంటరిగా ఉండేవారు. ఆవిడ కుక్కర్లో పప్పు ఉడకడం తక్కువ, గాజు గొట్టాలు ఉడకడం ఎక్కువ. బంగాళదుంపల రసం, చక్కెర, గడ్డకట్టించే అగర్ పొడి కలిపి పోసి, మూడు నెలలకోసారి ప్రతి బూజునీ కొత్త గొట్టంలోకి మార్చాలి. లేకపోతే చచ్చిపోతుంది. అన్ని గొట్టాల్లో వారం వారం ఏదో ఒక వరస వంతు వచ్చేది. అందుకే ఆవిడ ఏ ఊరు వెళ్లినా నాలుగు రోజులు ఉండేవారు కాదు. "పిల్లలున్నోళ్లయినా పుట్టింటికెల్తారు మేడమ్" అని నేనంటే, "ఆ పిల్లలు ఏడిస్తే పక్కోళ్లకి ఇనపడతాది. ఇవి సప్పుడు సెయ్యకుండా పోతాయి" అనేవారు.

అవన్నీ జత కలవకుండానే, తమ పోగుల కొసల్లోంచి విత్తనాల్లాంటి సిద్ధబీజాలు రాల్చుకుని పెరిగే బూజులు. జత కలిసే దశ ఎవరికీ కనబడలేదు గనక శాస్త్రజ్ఞులు వాటిని ఒక మూలకి నెట్టి 'అసంపూర్ణ శిలీంద్రాలు' అని పేరు పెట్టారు. ఆ మాటంటే మేడమ్‌కి ఒళ్లు మంట. "మనకి కనపడకపోతే అది దాని లోపమేటి?" తర్వాత జన్యువులు చూసి, ఆ తరగతే తీసేసి, ఒక్కొక్కదాన్నీ దాని చుట్టాల్లో కలిపారు. ఆవేళ మేడమ్ గొట్టాల మీది పేర్ల చీటీలన్నీ కొత్తగా రాస్తూ, "అందరూ ఎవురింటికాళ్లు సేరిపోనారే" అని నవ్వారు. ఆ గదిలో రెండో కుర్చీ లేదు, నేను నిలబడే విన్నాను.

అన్నిట్లోకీ ఆవిడకి ముద్దయినది ఒకటుంది. పట్టుదారాలకి రంగులు వేసే ఒకాయన పెరటి కాలువలోంచి తెచ్చింది. "ఈ బురదేటి సేసుకుంటారమ్మా?" అని ఆయన నవ్వితే, "మీ రంగు తినీవోడు ఇందులోనే ఉంటాడు బాబూ" అన్నారట. నిజంగానే ఉన్నాడు. నీలం రంగు కలిపిన నీళ్లలో వేస్తే వారంలో తేట చేసేవాడు.

మేడమ్ ఆస్పత్రిలో చేరుతూ ఈ మార్చే పని నాకప్పగించారు. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ వాయిదా వేశాను. చూడ్డానికి వెళితే ఆవిడ మొదటి మాట అదే.

"మార్సేవా?"

"మార్సేనండి మేడమ్" అన్నాను. ఆవిడ నా చెయ్యి నిమిరారు. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

దహనమైన మర్నాడు ఆ గదిలో కూర్చుని అన్నీ మార్చాను. వారానికి చాలా గొట్టాల్లో పచ్చగా, నల్లగా నూగు లేచింది. కాలువ బూజొక్కటీ లేవలేదు. పాత గొట్టంలో ఎండిన పొరనంతా గోకి, కాసిని నీలం నీళ్లలో వేశాను. మూడోనాటికి నీళ్లు తేటబడ్డాయి. "బతికేడు మేడమ్!" అని గట్టిగా అరిచాను. ఇంట్లో ఎవరున్నారు పలకడానికి?

అప్పుడు ఆవిడ పాఠం గుర్తొచ్చింది. చచ్చిన బూజు కూడా రంగుని పీల్చి తనలో పెట్టుకుంటుంది; బతికినదైతే తినేస్తుంది, దాని ముద్దలో రంగు మిగలదు. తేటనీళ్లు చూసి మురిసిపోకూడదు. "తిన్నాదో, దాసుకున్నాదో ముద్దనే అడుగు" అనేవారు.

పట్టకారుతో ముద్దని పైకి తీసి తెల్లకాగితం మీద పెట్టాను. జారిన నీటిచుక్కలో రంగే లేదు. సూదితో ముద్దని చీల్చి చూశాను. లోపలిదాకా నీలం.