కంటైనరుకు పోసిన ఒడిబియ్యం

ఈ సంగతి మీద నేను రాసిన ఉత్తరాలు పదకొండు. ఒక్కదానికీ జవాబు రాలేదు. (ఈ చిరునామాకు జవాబు రాయవద్దని చెబుతూ వచ్చిన ఈమెయిలు ఒకటుంది. దాన్ని నేను జవాబు కింద జమకట్టను. దానికి నాలుగుసార్లు జవాబు రాశాను కూడా.) సముద్రం అవతలి వాళ్లు వినలేదు, ఇవతలి వాళ్లు వినలేదు, మా ఓనరు సగం విని ఫోను ఎత్తుకున్నాడు. మీరైనా చివరిదాకా వింటారని మొదలుపెడుతున్నాను.

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, నల్గొండ పొలిమేరలో ఒక పిండివంటల కంపెనీలో నేను సరుకు పంపే గుమస్తాని. పెళ్లి కాలేదు, దోస్తులు లేరు, కిరాయి గదిలో ఒక బల్బూ ఒక బకెట్టూ ఉండేవి. కంపెనీలో నన్ను ఎవరూ పేరుతో పిలిచేవాళ్లు కాదు, "అర్జీ" అనేవాళ్లు. కుళాయి కారుతోందని కూడా కాగితం మీద రాసిచ్చే అలవాటు వల్ల వచ్చిన బిరుదు అది. (ఆ కుళాయి ఇప్పటికీ కారుతోందని విన్నాను.) మేం సకినాలు, మురుకులు, గరిజెలు చేసి, నెలల తరబడి మెత్తబడకుండా గాలి చొరని కవర్లలో మూసి హైదరాబాదు దుకాణాలకు పంపేవాళ్లం. అలాంటి మాకు ఒకసారి ఓడ మీద విదేశానికి పంపే ఆర్డరు వచ్చింది. ఏ దేశమో, ఏ రేవో చెప్పను. వాళ్లు నాకు మర్యాద ఇవ్వకపోయినా నేను వాళ్లకు ఇస్తాను.

కంటైనరు వచ్చిన రోజు కంపెనీలో పెళ్లిసందడి. నీలం రంగు ఇనుప డబ్బా, నా కిరాయి గదికన్నా పెద్దది. అట్టపెట్టెలన్నీ పేర్చి, తలుపు మూసి సీలు వేస్తే అవతలి రేవులో తప్ప మళ్లీ తెరవరు. కొబ్బరికాయ కొట్టారు, అందరూ నిలబడి ఫొటో దిగారు. ఆ ఫొటోలో నేను లేను, తీసింది నేనే. చాయ్ అందరికీ వచ్చింది, నాకు రాలేదు. ఇది సకినాల అవ్వ ఒక్కతే చూసింది.

సకినాల అవ్వ మా దగ్గర సకినాలు చుట్టే ఆడవాళ్లకు పెద్ద. పిల్లలు లేరు, భర్త ఎప్పుడో పోయాడు, కంపెనీ వెనక రేకుల గదిలో ఒంటరిగా ఉండేది. తన చాయ్ సగం సాసరులో పోసి నా ముందు పెట్టింది.

"తాగు అర్జీ. దీనికి గూడ కాయితం రాసెదాక ఆగుతవా ఏంది?"

నేను తాగాను. అప్పుడు కొంగు చాటు నుంచి పసుపు గుడ్డ మూట ఒకటి తీసింది.

"గిది లోపల పెట్టు."

"ఏంది అవ్వా?"

"ఒడిబియ్యం. ఆడబిడ్డను గంత దూరం ఒట్టి ఒడితోని పంపుతరా? మన ఇజ్జత్ ఏంగావాలె?"

మా దిక్కు కూతురిని అత్తగారింటికి సాగనంపేటప్పుడు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు ఒడిలో పోస్తారు. అత్తగారింట్లో ఆ బియ్యం వండి, చుట్టుపక్కల వాళ్లను పిలిచి పెడతారు. పోసేవాళ్లు ముత్తయిదువలై ఉండాలి. అందుకని అవ్వను ఏ ఇంట్లోనూ ఆ పనికి పిలవలేదు.

"ఇనుప డబ్బకు గా పట్టింపులుంటయా, నువ్వే చెప్పు" అంది.

వద్దు అని ఒక్కమాట అంటే ఈ కథ ఉండేది కాదు. కానీ ఆ సగం చాయ్ ఇంకా గొంతు దిగలేదు. మూటను తలుపు పక్కనే, పెళ్లికూతుర్ని కూర్చోబెట్టినట్టు అన్నిటికన్నా ముందు పెట్టాను. అయితే నేను పద్ధతి గల మనిషిని. సరుకుల జాబితాలో అన్నిటికన్నా కింద "పసుపు బియ్యం, మూట ఒకటి, అమ్మకానికి కాదు" అని చేర్చాను. సీలు పడి లారీ కదిలాక, ఓడ కాగితాలు చూసే ఏజెంటు ఫోను చేశాడు.

"అన్నా, గీ మూటేందన్నా? తీసెయ్."

"లోపల ఉన్నది కాగితంలో ఉండాలె" అన్నాను. అతను తీసెయ్యమన్నది కాగితంలోని రాతను కాదు, లోపలి మూటనే అని అప్పుడు నాకు తట్టలేదు. అతను లోపలి మూట జోలికి పోలేక, కాగితం మీది మూటను కొట్టేశాడు.

తరువాత రోజూ అవ్వది ఒకటే ప్రశ్న. "బిడ్డ చేరిందా?" సముద్రం మీద ఉందనేవాణ్ని. నాలుగో వారం చేరింది. తలుపు తెరవగానే వాళ్లకు ఎదురైంది కాగితంలో లేని పచ్చి బియ్యం. కంటైనరును పక్కన పెట్టి, పెట్టెపెట్టెనూ విప్పి చూశారు. ఓనరు నన్ను నిలబెట్టి, అందరి ముందు, "ఓడ వ్యాపారమంటె బిడ్డ పెండ్లనుకున్నవా?" అన్నాడు. నేను రాతలో పెట్టానని చెప్పబోయాను. అప్పుడే ఫోను ఎత్తుకున్నాడు.

రేవు నుంచి ఒక ఫొటో వచ్చింది. తళతళలాడే స్టీలు బల్ల, దాని మీద మా పసుపు మూట, పక్కన నంబరు చీటీ, తొడుగు వేసుకున్న ఒక చెయ్యి. అవ్వ నా ఫోనును ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఎంత మంచిగ కూసోబెట్టిండ్రో చూడు! ముట్టేటోడు చేతికి తొడుగు గూడ ఏసుకున్నడు. మడి గల్ల మనుషులే." ఆమె ముఖం అంత వెలగడం నేను ఎప్పుడూ చూడలేదు. "మరి వండుకున్నరంటనా?"

"అడుగుతా" అన్నాను.

అడిగాను, పదకొండుసార్లు. ఒడిబియ్యం అంటే ఏమిటో వాళ్ల భాషలో మూడు పేజీలు రాశాను. (నా ఇంగ్లీషుకు వాళ్లు భయపడి ఉండొచ్చు.) సకినాలు మాత్రం నెల ఆలస్యంగా దుకాణాలకు చేరి అమ్ముడయ్యాయట. ఆ మాట అవ్వకు చెబితే, "అమ్ముకునుడు కాదు, వండుకున్నరా అని అడిగిన" అంది.

కొన్నాళ్లకు కంపెనీ మూతపడింది. అవ్వ ఆలంపూర్ దగ్గర చెల్లెలింటికి పోయింది. ఏడాదికొకసారి బస్సెక్కి పోయి చూసి వస్తాను, నన్ను అర్జీ అని పిలిచే మనిషి ఇంకెవరూ మిగల్లేదు. పోగానే అదే ప్రశ్న. వండుకున్నారని చెప్పేస్తే పోయేదానికి, లోపల ఉన్నది కాగితంలో ఉండాలని పట్టుబట్టిన మనిషిని కదా, నోరు రాదు. సాసరులో చాయ్ ఎదురుగా పెట్టుకుని, "ఇంక జవాబు రాలే అవ్వా" అంటాను. ఈ వయసులో కూడా అదే సంజాయిషీ ఇస్తున్నానని నాకే నవ్వొస్తుంది.

అందుకే ఆ చేతి తొడుగు మనిషిని ఇక్కడ, నలుగురి ముందు అడుగుతున్నాను. అయ్యా, ఆ బియ్యం పారేశారా, కాల్చేశారా, లేక ఎవరైనా ఒక్క పిడికెడు వండుకున్నారా? అవ్వకు ఇప్పటికే ఒక చెవి వినపడదు, రెండోది గట్టిగా అరిస్తే వినపడుతుంది. అదీ పోకముందే ఒక్క ముక్క రాయండి. నా చిరునామా మారలేదు.