అమ్మేసిన ఎర్రావు

మందుల్లేని సేద్యంలో నేలకు పోసే జీవామృతం కలపాలంటే నాటు ఆవు పేడ, మూత్రమే కావాలని రైతుల ట్రైనింగులో చెప్పినప్పుడు నాకు మా ఎర్రావే గుర్తొచ్చింది. మా ఊళ్లో ఇప్పుడు నాటు ఆవన్నదే లేదు. ట్రాక్టర్లొచ్చాక అందరం అమ్ముకున్నాం. మా ఎర్రావును రెండేళ్ల కిందట అడవి అంచు గూడెంలోని ఒక అవ్వకు అమ్మేద్దామన్నది నేనే. మందులు కొట్టీ కొట్టీ మిరపచేను నేల బండబారిపోయాక, ఒక్క ఎకరమైనా మందుల్లేకుండా పండిద్దామని మా ఆయనతో పట్టుబట్టిందీ నేనే. ఇంక ఎవరిని తిట్టుకోను?

ప్రతి బుధవారం రెండు డబ్బాలు పట్టుకుని ఆ గూడేనికి పోయేదాన్ని. తిరుగు దారిలో ఆటో ఎక్కితే పక్కవాళ్లు ముక్కులు మూసుకునేవాళ్లు. ఒకసారి డ్రైవర్ "ఏందమ్మా గీ కంపు, దిగు దిగు" అన్నాడు. "నువ్వు తినే మిరపకాయ కోసమే ఈ కంపు, జల్దీ పోనియ్" అన్నాను. గేరు మార్చి పోనిచ్చాడు. తెచ్చినదాన్ని బెల్లం, శనగపిండి వేసి డ్రమ్ములో మురగబెట్టి మిరప మొదళ్లలో పోసేదాన్ని. ఈ ఏడు తవ్వితే వానపాములు కనిపించాయి.

అవ్వ నా దగ్గర ఏమీ తీసుకునేది కాదు. వాళ్లింట్లో పాలు పిండరు, దూడకే వదిలేస్తారు. నేనైతే దూడను పొదుగు నుంచి లాగి పక్కన కట్టేసి చివరి చుక్కదాకా పిండుకున్నదాన్ని. ఇప్పుడు ఎర్రావు నిగనిగలాడుతుంటే సంతోషించాలో ఏడవాలో తెలిసేది కాదు. డబ్బాలు నిండాక కూడా దాని గంగడోలు నిమురుతూ కూర్చునేదాన్ని. పేడ కోసమని ఇంట్లో చెప్పేదాన్ని గానీ, నాకు కావలసింది ఆవు.

మొన్న ఉండబట్టలేక అడిగేశాను. "అవ్వా, నా ఆవును నాకిచ్చెయ్యరాదె? నీకు ఇంకోటి కొనిస్త."

అవ్వ నవ్వింది. "నేనేమన్న కట్టేసి పెట్టిన్నా బిడ్డా? పిలుచుకో. నీ ఎంబడి వస్తె తోల్కపో."

"దా తల్లీ, దా దా" అని పాత పిలుపే పిలిచాను. చెవులు నిక్కించింది. వచ్చింది! నా చెయ్యి నాకింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నడిచాను. గూడెం చివరి ఇల్లు దాటేదాకా వెనకాలే గిట్టల చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఆగిపోయింది. తిరిగి చూస్తే దారి మధ్యలో నిలబడి నన్నే చూస్తోంది. కాసేపటికి అవ్వ వాకిట్లోంచి దాని దూడ అరిచింది, ఎర్రావు అటువైపు మళ్లింది.

నా సంచిలో పలుపుతాడు ఉంది. ముందే పెట్టుకొచ్చాను, దాచుకోవడం దేనికి! కానీ బయటికి తియ్యలేకపోయాను. అమ్మిన రోజు మా ఆయన పలుపు పట్టి ఈడుస్తుంటే, అది వాకిట్లో కాళ్లు బిగబట్టి ఇలాగే నా వైపు చూసింది. నేను ఒక్కసారి దాన్ని పిలిచి ఉంటే ఆయన ఆగిపోయేవాడు. నేను లోపలికి పోయి తలుపేసుకున్నాను.